కటాలో నేను మార్చిన మలుపు

ఇన్నేళ్ళుగా ఒక తప్పును మోస్తున్నాను. ఇక నావల్ల కావడం లేదు. మీరు నన్నెరగరు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

రియాద్‌లో సాయిలూ నేనూ ఒకే కంపెనీలో మెయింటెనెన్స్ పని చేసేవాళ్ళం. సౌదీ వాళ్ళకే ఉద్యోగాలివ్వాలనే నితాకత్ లెక్కలో కంపెనీ రెడ్‌లో పడింది. అక్కడ ఉండటానికిచ్చే ఇకామాలు రెన్యువల్ కావన్నారు. పూచీపడే కొత్త కఫీల్ దొరికితే ఉండాలి, లేకపోతే ఇంటిదారే. అప్పుడే ఒక జిమ్‌లో పిల్లలకు కరాటే నేర్పే మనిషి కావాలని తెలిసింది. ఒక్కడే కావాలట. ఇద్దరం ప్రయత్నించాం.

చిన్నప్పుడు జగిత్యాలలో కరాటే నేర్చుకున్నది నేను. సాయిలు వాళ్ళది చిందు యక్షగానం ఆడే ఇల్లు. క్యాంపు డాబా మీద నా దగ్గర సరదాగా మొదలుపెట్టాడు. ఎదుట ఎవరూ లేకపోయినా ఉన్నట్టే, వరస తప్పకుండా దెబ్బలూ అడుగులూ వేయడమే కటా. అది అతనికి ఇట్టే పట్టుబడింది. వాళ్ళ ఆటలో ముందు అడుగు నేర్పి, అర్థం తర్వాత చెబుతారట. అందుకే ఎందుకని అడిగేవాడు కాదు, చూపించింది చేసేవాడు. అతను చేస్తుంటే లేని శత్రువు కూడా కనపడేవాడు. నేను చేస్తే నేనే కనపడేవాణ్ణి. కుళ్ళుకున్నాను. అవును, కుళ్ళే.

జిమ్‌లోని పాకిస్తానీ కోచ్ చేసి చూపమన్న కటా సాయిలుకు రాదు. అందుకని సాయిలు నన్నే నేర్పమన్నాడు. నేర్పాను. ఎడమకు తిరగాల్సిన ఒక చోట కుడికి తిరిగి చూపించాను. తెలిసే చేశానా? మొదటిసారి పొరపాటేనేమో. మరి మర్నాడు అతను కుడికే తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నానే, దాన్నేమనాలి?

కోచ్ ముందు సాయిలు కుడికి తిరిగాడు. తడబాటే లేదు, ఎంత అందంగానో తిరిగాడు. కోచ్ ఆపేసి, ఎవరు నేర్పారని అడిగాడు. "కిస్‌నే సిఖాయా?"

సాయిలు నావైపు చూడలేదు, తానే మరిచిపోయానన్నాడు. "మై భూల్ గయా, సాబ్."

తర్వాత నా వంతు. ఎడమకే తిరిగాను. గోడ పక్కన నిలబడి సాయిలు అంతా చూశాడు.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను. "నా పేరెందుకు చెప్పలేదురా?"

"మా ఆటల అడుగు తప్పితే నేర్పినోని పేరు తియ్యరన్నా," అని నవ్వాడు.

తెలిసి నవ్వాడా, తెలియకనా? తెలిస్తే నన్నెందుకు తిట్టలేదు? ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా ఊరికి వెళ్ళిపోయేదాకా నన్ను అన్నా అనే పిలిచాడు.

బయటి దేశాల వాళ్ళ మీద వేసే లెవీలు పెరిగి ఎందరో వెళ్ళిపోయారు. నేనింకా అదే జిమ్‌లో ఉన్నాను. ఆ మలుపు దగ్గర నా కాలు ఇప్పుడు కుడికే పోతోంది. పిల్లలు తిరిగినవైపు చూసి సర్దుకుంటున్నాను.

క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లదు. ఇది రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది, అంతే.

సాయిలూ, అది ఎడమకు. నాకప్పుడే తెలుసు.