బోర్లించిన పుట్టి

దయ్యాలను నేను నమ్మను. మా నాన్న రిటైరయ్యేదాకా కంచన్‌బాగ్‌లో లోహాలు కరిగించే కార్ఖానాలో పనిచేసిన మనిషి. ఇంట్లో ఎవరైనా గాలి సోకిందంటే "ముందు జ్వరం చూడుండ్రి" అనేవారు. అట్లాంటి ఇంట్లో పెరిగాను. ఇది చదివి తాయెత్తు కట్టించుకోమని సలహా ఇవ్వాలనుకునేవాళ్లు దయచేసి ఆగండి. ఇప్పటికే ముగ్గురు ఇచ్చారు, నాకు ఒళ్లు మండిపోయింది.

నేను సంతోష్‌నగర్‌లో ఉంటాను. పాతబస్తీలో ఒక చెరువు గట్టు మీద చిన్న పడవల మ్యూజియం ఉంది, అక్కడ కార్యక్రమాలు చూసుకోవడం నా ఉద్యోగం. సముద్రం లేని ఊరికి పడవల మ్యూజియం ఏమిటని మా చుట్టాలు నవ్వుతారు. ఆదివారాలు పిల్లలకు తాళ్ల ముడులు నేర్పించడం, వలలు అల్లి చూపించడం, చెరువు అంచున మోకాలి లోతు నీళ్లలో పుట్టి సవారీ, ఇవీ మా కార్యక్రమాలు. మైకు పనిచేయదు. స్కూలు బస్సు వేళకు రాదు. వచ్చాక టీచర్లు మొదట అడిగేది టాయిలెట్ ఎక్కడని. ఇంత లొల్లిలో దయ్యాల గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

పుట్టి అంటే వెదురుతో అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పడవ. సవారీలు నడిపేది యాదగిరి కాకా. కార్వాన్ నుంచి వస్తాడు, అరవై దాటిన మనిషి, చేపలు పట్టే కుటుంబం. చెరువుల్లో చేపల పని ఎప్పుడో పోయింది. వారంలో ఒక్క రోజు మా దగ్గర నీళ్లలోకి దిగడమే ఆయనకు మిగిలింది. ఆ ఒక్క రోజు కోసం తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చేవాడు.

ఆ వానాకాలం మా హాలులోకి ఒక పాత పుట్టి వచ్చింది. ఎక్కడో షెడ్డులో పడి ఉంటే మిగతా సామానుతో పాటు తెచ్చారు. ఎవరిదో ఎవరికీ తెలియదు. దాన్ని హాలు మధ్యలో వెల్లకిలా పెట్టి, లోపల ఒక వల, తెడ్డు, సద్ది గిన్నె అమర్చి, పైన లైటు పెట్టాం. పని అయ్యేసరికి యాదగిరి కాకా వచ్చి చూశాడు.

"గట్ల ఎల్లెలకల పెట్టద్దు బిడ్డా. నీళ్లల్ల లేనప్పుడు పుట్టిని బోర్లియ్యాలె. నోరు తెరిసి పెడితె మనిషి కోసం సూస్తదంటరు."

"బోర్లిస్తే పిల్లలకు లోపల ఏం కనబడుతది కాకా?" అన్నాను. నేను మళ్లీ మైకు సంగతిలో పడిపోయాను.

సోమవారం మాకు సెలవు. మంగళవారం పొద్దున తాళం తీస్తే పుట్టి బోర్లించి ఉంది. ఏదో తగిలి ఒరిగింది కాదు. లోపలి వల నాలుగు మడతలు పెట్టి ఉంది. తెడ్డు గోడకు ఆనించి ఉంది. సద్ది గిన్నె మూత పెట్టి పక్కన ఉంది. అన్నీ సర్ది, ఆ తరువాత తిప్పారు.

బయట నలభై మంది పిల్లలు అరుస్తున్నారు. నేను, గేటు దగ్గరుండే ఖాజా భాయ్, టికెట్లిచ్చే అనిత, ముగ్గురం కలిసి దాన్ని తిప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తారు పొరల మీద పొరలు పట్టి ఆ పుట్టి రాయిలా ఉంటుంది. వదలగానే బండల మీద దబ్బుమని పడి హాలంతా మోగింది.

తరువాతి రెండు నెలల్లో ఇంకో మూడుసార్లు అదే పని జరిగింది. హాలుకు ఒకటే తలుపు. తాళం చెవులు రెండు, ఒకటి నా దగ్గర, ఒకటి మా క్యూరేటర్ సార్ దగ్గర. కిటికీలకు ఊచలు. తలుపు మీద కెమెరా ఉంది. నాలుగుసార్లూ నేనే కూర్చుని చూశాను. సాయంత్రం నేను తాళం వేసి వెళ్లడం, పొద్దున నేనే వచ్చి తీయడం తప్ప ఇంకేమీ లేదు. పుట్టి ఉన్న చోటు కెమెరాకు అందదు. ఇంకో కెమెరా అడిగితే వచ్చే ఏడు చూద్దామన్నారు.

"మేడం, యే కిసీకా మజాక్ హై," అనేవాడు ఖాజా భాయ్. నా అనుమానమూ అదే. ఎవరో నాతో ఆడుకుంటున్నారు. ఎవరు? పుట్టిని బోర్లించాలని మొదటి రోజే చెప్పిన మనిషి ఒక్కడే కదా.

నాలుగోసారి పుట్టి అంచు పగిలి ఉంది. మేము తిప్పేటప్పుడే పగిలిందేమో, ఒట్టేసి చెప్పలేను. సార్ కోపంతో ఊగిపోయారు. నెలలోపు పెద్ద ప్రదర్శన, అతిథులు వస్తున్నారు. వస్తువు పాడైతే పైకి రిపోర్టు పంపాలి. ఆ ఫారంలో 'బాధ్యుల పేరు' అని ఒక గడి ఉంటుంది, అది ఖాళీగా ఉంటే ఫారం వెనక్కి వస్తుంది. నేను పది నిమిషాల్లో యాదగిరి అని రాసి ఇచ్చేశాను. విసిగిపోయి ఉన్నాను, ఆ గడి నిండితే చాలనిపించింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, నేను చేసింది అదే.

ఆదివారం ఆయన వస్తే గేటు దగ్గరే ఆపారు. నన్ను పిలిపించాడు. అప్పటిదాకా నన్ను బిడ్డా అనేవాడు.

"నేను చెయ్యలే మేడం. చేస్తె చేసిన అంటుంటి," అన్నాడు.

నేను సార్‌తో మాట్లాడుకోమన్నాను. సార్ బయటికే రాలేదు. ఇస్త్రీ చొక్కాతో ఆయన గట్టు వెంట నడిచి వెళ్లడం చూసి కూడా నేను లోపలికి వెళ్లి కుర్చీలు వేయించాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ చెప్పాలి.

రెండు రోజులకు, మంగళవారం పొద్దున పుట్టి మళ్లీ బోర్లించి ఉంది.

నా కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. తరువాతి సోమవారం, సెలవు రోజు, పోస్టర్ల పని పెట్టుకుని హాలులోనే కూర్చున్నాను. పుట్టి నా కుర్చీకి ఎదురుగా, వెల్లకిలా ఉంది. తలుపు లోపలి నుంచి గడియ పెట్టాను. మధ్యాహ్నం మూడు గంటలు. కిటికీల్లోంచి మంచి వెలుతురు.

సార్ ఫోన్ చేశారు. సిగ్నల్ సరిగా లేక లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, చెరువు వైపు చూస్తూ మాట్లాడాను. అతిథుల లిస్టు గురించి. రెండు నిమిషాలు ఉంటుందేమో. మధ్యలో సార్ ఆగి, "ఏం జరుపుతున్నవమ్మా, గంత సప్పుడేంది?" అన్నారు.

నాకు ఏ చప్పుడూ వినబడలేదు. బయట కొంగలు, దూరంగా ఆటోలు, అంతే. నేనేమీ జరపడం లేదని చెబుతూ వెనక్కి తిరిగాను.

పుట్టి బోర్లించి ఉంది. వల మడతపెట్టి ఉంది. తెడ్డు గోడకు ఉంది. ముగ్గురం తిప్పితే హాలంతా మోగే పుట్టి నాకు ఆరడుగుల దూరంలో తిరగబడింది, నా చెవికి ఏమీ సోకలేదు. తలుపు గడియ వేసినట్టే ఉంది. భయం తరువాత వేసింది. ముందు వేసింది కోపమే. "సార్, యాదగిరి ఇక్కడ లేడు," అన్నాను ఫోన్‌లో. వెంటనే ఎందుకు అదే మాట వచ్చిందో తెలియదు.

మర్నాడు రిపోర్టు వెనక్కి తీసుకోవాలని సార్ గదిలోకి వెళ్లాను. చప్పుడు మీరే విన్నారు కదా అంటే, "ఫోన్‌ల డిస్టర్బెన్స్ అమ్మా. వానాకాలం గద," అన్నారు. ఫారం పైకి వెళ్లిపోయిందట. మార్చాలంటే ఇంకో పేరు ఇవ్వాలట. "యాదగిరి కాకపోతె మరి ఎవలని రాస్తవు?" అని అడిగారు. తెలియదు అంటే, తెలియదు అనేది పేరు కాదన్నారు.

అప్పుడు ఇంకో ఫారం తీసుకుని ఆ గడిలో నా పేరు రాశాను. పుట్టిని తిప్పుతున్నప్పుడు అజాగ్రత్త వల్ల అంచు పగిలిందని రాశాను. పూర్తిగా అబద్ధం కూడా కాదు. నాకు మెమో వచ్చింది, ఆ ఏడు ప్రమోషన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పుట్టిని బోర్లించే ఉంచాం. లోపలి భాగం ఫొటో తీసి గోడకు పెట్టాం. అంత చిన్న పనికి ఇంత కాలం ఎందుకు పట్టిందని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ రోజు నుంచి అది కదలలేదు.

శనివారం కార్వాన్ వెళ్లాను. ఇల్లు వెతకడానికి గంట పట్టింది, ఒక్కొక్కరు ఒక్కో గల్లీ చూపించారు. యాదగిరి కాకా గడప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు. వాళ్లావిడ కుర్చీ వేసింది. నేను జరిగిందంతా చెప్పాను, సోమవారం మధ్యాహ్నం సంగతితో సహా. ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను. పోలేదు.

"మీ పేరు రాసుకున్నరా? మీరు చేసిండ్రా?"

"లేదు కాకా."

"మరి ఎవరు చేసిండ్రు?"

"తెల్వదు."

ఒలిచిన రెబ్బ గిన్నెలో వేసి, ఇంకోటి చేతిలోకి తీసుకున్నాడు.

"గా ముక్క నా పేరు రాసేటప్పుడు అనుంటె అయిపోవు గద మేడం. తెల్వదని."

చాయ్ వచ్చింది, తాగాను. లేచేటప్పుడు ఆదివారం రమ్మని అడిగాను. నీళ్ల కోసం వస్తానని, నా కోసం కాదని చెప్పాడు. వచ్చాడు కూడా. ఇప్పటికీ వస్తున్నాడు, పిల్లలను జాగ్రత్తగా ఎక్కించి దించుతాడు. నాతో పనికి కావలసినంతే మాట్లాడతాడు.

ఇది విన్నవాళ్లంతా ఏదో ఒక కారణం చెప్పి పోతారు. నేల వాలు అంటారు, వెదురు చెమ్మకు లాగుతుందంటారు, నువ్వే మరిచిపోయి ఉంటావంటారు. చివరికి ఎవరు చేశారంటావు అని నన్నే అడుగుతారు. తెలియదు అంటాను. మొదటి రోజు అనవలసిన మాట అది.