బంతులకు పెద్దక్కను

మా కంటి ఆసుపత్రి పెద్ద డాక్టరుగారికి ఒకటే పిచ్చి: పింగ్‌పాంగ్ బంతిని కూడా రోగిలాగే చూడాలి.

కొత్త డాక్టర్లకు ఆపరేషన్ నేర్పే ఖరీదైన యంత్రాలు మాకెక్కడివి? బంతిని సగానికి కోసి, లోపల టిష్యూ కాగితం అంటించి, దానిపై జిగురు పూసి ఆరబెట్టేవారు. కాగితమే రెటీనా, అంటే కంటి వెనకుండే తెర; జిగురేమో దాని మీద పేరుకునే పొర. కాగితం చిరగకుండా పొర ఒలవగలిగిన వారికే మనిషి కన్ను.

అంతవరకూ బాగానే ఉంది. కానీ బంతికి కేసుషీటు రాయాలి. "కదలకండి, నొప్పి తెలియదు" అని ధైర్యం చెప్పాలి. కాగితం చిరిగితే బయటికొచ్చి బంతి తాలూకు బంధువులకు నిజం చెప్పాలి. బంధువులంటే నేనే. ఇరవై ఏళ్లుగా నర్సును, పన్నెండేళ్లుగా బంతులకు పెద్దక్కను.

కొత్తగా చేరిన చిన్న డాక్టరమ్మ పదిహేడు బంతులు చింపింది.

"క్షమించండమ్మా, మీ తమ్ముడి రెటీనా చిరిగింది."

"అయ్యో! ఇక చూపు రాదా తల్లీ?"

"సిస్టర్, అది బంతండీ!"

లోపలినుంచి పెద్ద డాక్టరుగారి కేక: "బంతి అన్నావా? మళ్లీ చెప్పు! మొహం చూసి చెప్పు!"

ఆమె గ్లోవ్స్ విప్పి పారేసింది. "నావల్ల కాదు సార్. కళ్లజోళ్ల విభాగానికి పోతాను."

"పోదువుగానిలే. ఇంకొక్క బంతి."

ఆ ఒక్కటి నలభై అయింది. చివరి పది చెక్కుచెదరలేదు. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు.

అప్పుడొచ్చాడు ఓ దర్జీ. గీతలు వంకరగా కనబడి, సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాడు. ఆమె చేతికి అదే మొదటి మనిషి కన్ను. పక్క మైక్రోస్కోపులోంచి చూస్తూ పెద్దాయన. నేను మనసులో దేవుణ్ణి తలచుకుంటూనే ఉన్నాను. ఆమె పట్టకారుతో పొర అంచు పట్టింది. ఉల్లిపొరలా మొత్తం వచ్చేసింది.

"అయిపోయిందా సార్?"

"నన్నడుగుతావేం? బయట ఆయన భార్య ఉంది, వెళ్లి చెప్పు."

వెళ్లింది. మొహం చూసి చెప్పింది. "పొర పూర్తిగా వచ్చేసిందమ్మా. చూపు కుదుటపడటానికి కొన్ని వారాలు పడుతుంది." ఆవిడ ఈమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

తిరిగొస్తూనే చిన్న డాక్టరమ్మ నిలదీసింది. "సార్! బంతికన్నా మనిషి కన్నే సులువుగా ఉందేంటి?"

పెద్దాయన దొరికిపోయిన దొంగలా నేలచూపులు చూశారు. "నీ బంతులకి జిగురు కాస్త మొండిది వాడానమ్మా."

"నన్ను అన్నిసార్లు ఏడిపించారా!"

"ఆ ఏడుపు నీ దగ్గరే ఆగింది. దర్జీ ఇంటిదాకా పోలేదు కదా."

కోప్పడదామని నోరు తెరిచిందేగాని, ఆమెకు నవ్వు ఆగలేదు.

"రేపటి ఆపరేషన్ల జాబితాలో ఎవరున్నారు సార్?"