కిటికీ మూసి వండిన నెత్తళ్ళు

మొన్న ఆదివారం పొద్దున గోవింద్‌పూర్‌లో మా ఇంటి వంటగదిలో ఎండు నెత్తళ్ళు వేయిస్తున్నాను. మూకుట్లోంచి ఆ వాసన లేచీ లేవగానే నా చెయ్యి దానంతటదే వెళ్ళి కిటికీ రెక్క మూసేసింది. నెత్తి మీద చిమ్నీ గిర్రున తిరుగుతోంది, ఇల్లు మాది, పక్కింటివాళ్ళు పొద్దున లేస్తే చేపల గురించే మాట్లాడుకునే బెంగాలీలు. అయినా మూశాను. గడియ మీంచి చెయ్యి తియ్యకముందే నలభై ఏళ్ళ కిందటి బారిడీహ్ గది గుర్తొచ్చి, నా మీద నాకే చిరాకు పుట్టి మళ్ళీ తెరిచాను.

ఆ గది మాది కాదు, పంతులుగారిది. నిజానికి పంతులుగారిదీ కాదు, ఉక్కు కంపెనీది. ఆయన గోదావరి జిల్లా మనిషి, కంపెనీ ఆఫీసులో గుమాస్తా, క్వార్టరు ఆయన పేరున ఉండేది. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఫర్నేసు దగ్గర ఠేకేదారు కింద కాంట్రాక్టు కూలీగా పనిచేసేవాడు. ఠేకా కూలీకి క్వార్టరు ఇవ్వరు కనుక పంతులుగారు వెనక గది మాకు అద్దెకిచ్చారు. అలా ఇవ్వడం కంపెనీ రూల్సుకి విరుద్ధం కాబట్టి, మేం ఆ వీధిలో ఉంటూనే లేనట్టు ఉండాలి. క్వార్టర్లు చూసుకునే బాబు సైకిల్ బెల్లు వినపడితే చాలు, అమ్మ నన్నూ చెల్లెలు పైడినీ మంచం కిందికి తోసి, తను తలుపు చాటున ఊపిరి బిగబట్టి నిలబడేది. అచ్చంగిల్లాలు ఆడాలంటే రాళ్ళ చప్పుడు కాకుండా గోనెసంచి నాలుగు మడతలేసి దాని మీద ఆడుకునేవాళ్ళం. నవ్వొస్తే గౌను అంచు నోట్లో కుక్కుకునేవాళ్ళం. ఇప్పటికీ నాకు గట్టిగా నవ్వడం చేతకాదు, మా ఆయన దాన్ని నా పెద్దరికం అనుకుంటాడు పాపం. మా గదికీ పంతులుగారి ఇంటికీ మధ్య ఒక తలుపు ఉండేది, దాని గడియ మాత్రం వాళ్ళ వైపు ఉండేది.

ఆ గదిలోనే వంట, ఆ గదిలోనే పడక. అమ్మ దేన్నీ పారేసేది కాదు. బొగ్గు ఖరీదని డిపోలో మిగిలిన బొగ్గు పొడి తెచ్చి, బంకమన్నూ పేడా కలిపి మా చేత ఉండలు చేయించి పెరటి గోడ వారన ఎండబెట్టించేది. వాటిని అక్కడ గుల్ అంటారు, చలికాలంలో అవి చేస్తుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి. పాత బకెట్టుకి లోపల మట్టి మెత్తి చేసిన పొయ్యి, చూలా అంటారు, అదే మాది, దాన్ని పెరట్లో రాజేసి, నల్లపొగంతా పోయి ఉండలు ఎర్రబడ్డాక పట్టుకారుతో ఎత్తి గదిలోకి తెచ్చేది. సంత లేచిపోయే వేళకి వెళ్ళి వాడిన కూరలు గంపకి ఇంతని తెచ్చేది. బఠానీ గింజలు ఒక పూటైతే, వాటి తొక్కల లోపలి పొర వలిచి తొక్కల కూర ఇంకో పూట. గోబీ కాడలు పప్పులోకి, బంగాళాదుంప చెక్కు వేపుడులోకి, పుచ్చకాయ తెల్లటి చెక్కు పులుసులోకి. చింతపండు ఒకసారి పిసికాక ఆ పిప్పిని మళ్ళీ నానబెట్టి రసం పెట్టేది, ఆ రెండో పులుపు నాలిక మీద పడితే చింతపండు గుర్తొచ్చేదే తప్ప రుచి తెలిసేది కాదు. దుర్గాపూజ రోజుల్లో మాత్రం మాకు రాజభోగమే. ఒక పందిరి దగ్గర వేడి కిచిడీ తిని, చేతులు కడుక్కుని, ఇంకో పందిరికి పోయి అక్కడా కూర్చునేవాళ్ళం, పక్కన కూర్చున్న వాళ్ళెవరూ మీరెక్కడుంటారని అడిగేవాళ్ళు కాదు.

ఇంత పీనాసి వంటలో ఒక్క నెత్తళ్ళకే మా ఇంట్లో రాజ్యం. ఏటా మా మావయ్య ఊరి నుంచి వచ్చేటప్పుడు సముద్రపొడ్డున ఎండబెట్టిన నెత్తళ్ళు డబ్బా నిండా తెచ్చేవాడు. గుప్పెడు వేయించి రెండు వంకాయలతో కలిపితే నలుగురికీ రెండు పూటలు గడిచేది, ఆ కూర ఉన్నరోజు మేం అన్నం మారు అడిగేవాళ్ళం. కానీ ఆ వాసన ఎంత దూరం పోతుందో వండినవాళ్ళకే తెలుసు. పంతులుగారింట్లో ఉల్లిపాయ కూడా ముట్టుకోని రోజులుండేవి. అందుకని నెత్తళ్ళు వండే పూట అమ్మ ముందు కిటికీ మూసేది, పెరటి తలుపు మూసి దాని కింద తడిగుడ్డ తొక్కేది, ఆ తర్వాతే మూకుడు పెట్టేది.

"ఒలే, ఆ సందులో కూడా గుడ్డ కుక్కు. వాసనెల్తే రేపొద్దున మన సామాను రోడ్డు మీదుంటాది" అనేది నాతో.

వేసవిలో అయితే ఆ గది నరకం. బయట వడగాలి, లోపల చూలా, ఘాటు కళ్ళల్లోకి, గొంతులోకి. వీధి హిందీలోనే మాటలు నేర్చిన పైడి "దమ్ ఘుట్ రహా హై మా" అని ఏడిస్తే, ఊపిరాడ్డం లేదంటున్న పిల్ల నోటికి అమ్మ చెయ్యి అడ్డం పెట్టేది, ఏడుపు బయటికి పోతుందని. అమ్మ అంటే ఎంత ప్రేమో, ఆ చెయ్యంటే అంత భయం నాకు.

ఒక పుష్యమాసంలో పైడికి జ్వరం తగులుకుంది. గంజి పోస్తే కక్కేసింది, రొట్టె ముట్టలేదు, రోజురోజుకీ పిల్ల మంచానికి అంటుకుపోయింది. నాన్న డ్యూటీకి వెళ్ళాక అమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని "ఏటి తింతావే? ఏటడిగినా పెడతాను" అంది. పైడి కళ్ళు తెరవకుండానే "నెత్తళ్ళేస్తే తింతాను" అంది.

అమ్మ మధ్య తలుపు వైపు చూసింది. ఎందుకంటే ఆ రోజు పంతులుగారి భార్య నోము చేసుకుంటున్నారు. ఆవిడని మేం మామ్మగారు అనేవాళ్ళం. కాలనీలో తెలుగు ఆడవాళ్ళంతా పట్టుచీరలతో వచ్చి ఉన్నారు, తలుపవతల మంగళహారతి వినపడుతోంది, నేతిలో వేగుతున్న బూరెల వాసన మా గదిలోకే వస్తోంది. అలాంటి పూట నెత్తళ్ళు. అయినా అమ్మ లేచింది. మామూలుగా పైన వెంటిలేటరు ఒక్కటీ వదిలేసేది, ఆ రోజు బల్ల ఎక్కి దాంట్లో కూడా గోనెసంచి కుక్కింది. నిప్పు ఎర్రగా ఉంది, పొగ లేదు, పొగ లేకపోతే భయం లేదనే మాకు తెలుసు.

మూకుడు వేడెక్కింది. పైడి మంచం మీద లేచి కూర్చుంది, ఎన్నాళ్ళకో ఆకలితో చూసింది. తర్వాత నాకు తల బరువెక్కింది. ఏదో నిద్ర, ఏదో వికారం, పక్కన పైడి ఎప్పుడు వాలిపోయిందో చూడలేదు. "పైడీ, ఒలే పైడీ" అని అమ్మ గొంతు ఎక్కడో దూరంగా వినపడింది. అమ్మ లేవబోయి, తూలి, చూలా పక్కన కూలిపోయింది. మూకుడు నేల మీద పడి గల్లుమంది. ఆ గదిలో మేమెప్పుడూ అంత చప్పుడు చెయ్యలేదు.

అవతల హారతి ఆగిపోయింది. మధ్య తలుపు గడియ తీసిన శబ్దం నేనప్పుడే మొదటిసారి విన్నాను. మామ్మగారు మడిచీరతో, చేతికి తోరంతో, నెత్తళ్ళ మీద అడుగులేసుకుంటూ వచ్చి పైడిని భుజాన వేసుకుని, నన్ను జబ్బ పట్టి ఈడ్చి పెరట్లో పడేశారు. పట్టుచీరల వాళ్ళు అమ్మని మోసుకొచ్చారు. చలిగాలి మొహానికి తగిలి పైడి దగ్గింది, కక్కింది, ఏడ్చింది. అమ్మ కళ్ళు తెరిచి మొదట పైడిని చూసింది, తర్వాత మామ్మగారి కాళ్ళకి అంటుకున్న చేపల్ని చూసి, ఆ కాళ్ళే పట్టేసుకుంది.

"తప్పయిపోనాది అమ్మగోరూ. పిల్ల అడిగిందని..."

మామ్మగారు ఆయాసపడుతూ అన్నారు. "కిటికీలన్నీ మూసి బొగ్గు నిప్పు పెట్టుకుంటారా ఎవరైనా, గాలి విషమైపోదూ? పిల్లల్ని చంపుకుందామనుకున్నావా? నీ వాసన మాకు రాదనుకున్నావా నరసమ్మా? నువ్వు కిటికీ మూసినప్పుడల్లా ఆ తలుపు సందులోంచి మా ఇంట్లోకే వచ్చేది. ఇన్నేళ్ళలో నేనెప్పుడైనా వద్దన్నానా?"

నిజంగానే ఆవిడ వద్దనలేదు. గది ఇచ్చిన రోజున కూడా చేపలు వండొద్దని ఎవరూ చెప్పలేదు, అది అమ్మ తనకు తానే పెట్టుకున్న రూలు. కానీ ఆవిడ వండుకోమనీ అనలేదు కదా. ఆవిడ పుణ్యాన పైడి బతికింది, ఆ రుణం నాకు తెలుసు, అయినా ఆ మాట తలుచుకుంటే ఈ రోజుకీ నాకు కోపమే వస్తుంది. ముక్కుకి తెలిసిన సంగతి నోటితో ఒక్కసారి అని ఉంటే ఆవిడ సొమ్మేం పోయేది?

చేపల వల్ల మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు. వెనక గదిలో ఒక సంసారం ఉందని ఆ రోజు వీధి వీధంతా చూసేసింది, క్వార్టరు పోతుందని పంతులుగారు భయపడ్డారు. గది ఖాళీ చెయ్యమని తల దించుకుని నాన్నతో చెప్పారు, నాన్న తల దించుకుని విన్నాడు. బిర్సానగర్‌లో రేకుల ఇల్లు ఒకటి చూసుకుని వెళ్ళిపోయాం. అక్కడ గోడల నిండా కన్నాలే, చలికి వణికినా ఊపిరికి లోటు లేదు. పైడి పెరిగి, పెళ్ళాడి, రూర్కెలాలో ఉంది. దానికి ఆ రోజు ఏమీ గుర్తు లేదట.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. మొన్న నెత్తళ్ళ కూర కలిపి పెడుతూ, ఇన్నేళ్ళకి నోరు విప్పి అడిగాను. "అమ్మా, మామ్మగారిని ఒక్కసారి అడగలేకపోయావా? వండుకోమందునేమో."

అమ్మ ముద్ద కలుపుతూనే అంది. "అడిగితే వద్దంతే ఏటి చేత్తాం? ఇంకెప్పుడూ వండనేం. అడక్కపోతే, కిటికీ మూసుకోనైనా వండుకోవచ్చు."

ఆ వరస క్వార్టర్లు కూల్చేసి చాలా కాలమైంది. బకెట్టు చూలాలు లేవు, పెరటి గోడ వారన ఎండే గుల్ ఉండలు లేవు, గంపకి ఇంతని అమ్మే సంత లేదు. పంతులుగారు రిటైరై గోదావరి వైపు వెళ్ళిపోయారు, మామ్మగారు పోయారని ఎవరో చెప్పగా విన్నాం. పోనీ ఇప్పుడు అడుగుదామన్నా, వద్దనడానికైనా ఆవిడ లేదు.