రామకోటయ్య స్టోన్స్ వారి మెయిల్ సర్వరు

ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళకు పాలిష్ పట్టించి విదేశాలకు పంపే సుందరలక్ష్మికి మనుషుల మీద పెద్దగా నమ్మకం లేదు. భర్త రామకోటయ్య పోయిన ఏడాదే మరుదులు వచ్చి, "నీకెందుకు వదినా ఈ రాళ్ళూ దుమ్మూ, మాకు అప్పజెప్పు" అన్నారు. వాళ్ళకు కాఫీ ఇచ్చి పంపించింది గానీ ఫ్యాక్టరీ తాళాలు ఇవ్వలేదు. అప్పటినుంచి లారీ వాళ్ళకూ, కొనేవాళ్ళకూ, చుట్టాలకూ ఆమె నోరంటే హడలు. ఆ నోటికి జంకనివాడు ఒక్కడే, ఆడబిడ్డ కొడుకు తేజేశ్వర్. అది ధైర్యం కాదు. ఆమె ఏమంటున్నదో వాడు వినేవాడే కాదు.

హైదరాబాదులో ఏవో కంప్యూటరు కోర్సులు చేసి, వాటి సర్టిఫికెట్లకు ఫ్రేములు కట్టించుకుని, 2005లో కడపలోని ఆమె ఆఫీసులో దిగాడు. దిగీ దిగగానే, "సొంత మెయిల్ సర్వరు లేకుంటే ఫారినోళ్ళు మనల్ని లెక్కజేయరత్తా" అన్నాడు.

ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. ఆమెకు పోటీగా రాళ్ళమ్మే బేతంచెర్ల పెద్ద ఈరన్న, ఇంటర్నెట్ సెంటర్లో ఉచితంగా తెరిచిన మెయిల్ అడ్రసును విజిటింగ్ కార్డు మీద అచ్చేయించుకుని తిరుగుతుంటే, ఆమె ఎన్నోసార్లు మూతి తిప్పుకుంది. కంపెనీ పేరుతో ఒక అడ్రసైనా లేనోడు, వాడూ ఒక ఎక్స్‌పోర్టరే! వెనక గదికి ఏసీ పెట్టించి, సర్వరుకు పసుపూ కుంకుమా రాసి, టెంకాయ కొట్టించింది. చెప్పులు బయట విడిస్తే తప్ప ఆ గదిలోకి ఎవరినీ రానిచ్చేవాడు కాదు తేజేశ్వర్.

కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత, ఏటా సరుకు కొనే ఇటలీ కంపెనీ రేట్లు అడిగింది. పంపారు. మళ్ళీ అడిగింది. మళ్ళీ పంపారు. మూడోసారి వాళ్ళు కాస్త కోపంగానే రాశారు.

"ఏందిరా తేజా, మన మెయిళ్ళు పోతాండాయా లేదా?"

"మన తట్టు నుంచి పోతాండాయత్తా. వాళ్ళే తీసుకోవడంలే. ఇటలీ వాళ్ళకు సిస్టమ్స్ గురించి శానా తక్కువ తెలుసు."

త్వరలోనే జర్మనీ వాళ్ళకూ ఏమీ తెలియదని తేలింది. ఆ తర్వాత దుబాయి వాళ్ళకు. చివరికి చెన్నైలో ఓడ బుక్ చేసే ఏజెంటుకు కూడా తెలియకుండా పోయింది. పంపిన మెయిళ్ళు తిరిగొచ్చినప్పుడల్లా తేజేశ్వర్ సర్వరును ఆపి మళ్ళీ వేసేవాడు. వైరు మార్చేవాడు. రోడ్డు దుమ్ము పడుతోందని కిటికీకి అట్టలు కొట్టించాడు.

"తిరిగొచ్చిన మెయిళ్ళల్లో ఏమని ఉండాది?" అని ఒకరోజు సుందరలక్ష్మి అడిగింది.

"అది మిషన్ రాసే చెత్తత్తా. వచ్చింది వచ్చినట్టే తుడిచేస్తాండా."

ఆ వారంలోనే ఈరన్న ఫోను చేశాడు. "అక్కా, నీ ఇటలీ కస్టమరు నాకు రాసినాడు. నువ్వు యాపారం ఇడిచిపెట్టినావేమోనని అడుగుతాండాడు. ఏం జెప్పమంటావు?" వాడి గొంతులో జాలి ఉంది. ఆ జాలే ఆమె ఒళ్ళు మండించింది. ఆ ఏడాది ఆర్డరు బేతంచెర్లకు వెళ్ళిపోయింది, ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఈరన్న కొట్టిన నాలుగు లైన్ల మెయిలుతో.

బెంగళూరులో సర్వర్ల పనే చేసే దావీదురాజును పిలిపించింది. అతను బూట్లతోనే గదిలోకి నడిచాడు. నిలబడే, అప్పుడే తిరిగొచ్చిన మెయిలు ఒకటి తెరిచి చదివాడు.

"మీ అడ్రసును బ్లాక్‌లిస్టులో పెట్టినామని తేటగా రాసినారు గదమ్మా. ఎందుకు పెట్టినారో చూసుకోను లింకు గూడా ఇచ్చినారు. దీన్ని చదివినోడే లేడా ఈడ?"

సుందరలక్ష్మి మేనల్లుడి వైపు చూసింది. వాడు ఏసీ వైపు చూశాడు.

"ఎందుకు పెట్టినారప్పా?"

"మీ వాకిలి బార్లా తెరిచి, దోవన పోయే ప్రతోనికీ మీ లెటర్‌హెడ్డు ఇచ్చి రాసుకోమన్నట్టుండాదమ్మా ఈ సర్వరు. ఊరూ పేరూ లేనోళ్ళంతా దీని గుండా లక్షల మెయిళ్ళు పంపుకున్నారు. అందుకే మీ పేరు చూస్తానే అందరూ తలుపేసుకుంటాండారు."

"ఏం పంపినారు?"

"ప్రకటనలు. మందులవి."

"ఏం మందులు?"

దావీదురాజు మొదటిసారి గొంతు తగ్గించాడు. "మగతనానికమ్మా."

ఆమె కుర్చీలో కూలబడింది. రామకోటయ్య స్టోన్స్. ఒక్క పలక పగిలినా మార్చి ఇచ్చి, ఆ మనిషి ఇరవై ఏళ్ళు నిలబెట్టుకున్న పేరు. ఆ పేరు మీద, ఆయన పోయాక, ప్రపంచమంతటికీ మగతనం మందులు.

దావీదురాజు మధ్యాహ్నానికల్లా ఆ వాకిలి మూసేశాడు. పేరు తీసెయ్యమని ఒక్కొక్క జాబితా వాళ్ళకూ విన్నపాలు పెట్టాడు. కొందరు వెంటనే తీశారు, కొందరు వారాల తరబడి పట్టించుకోలేదు. అంతవరకూ చేసేదేముంది? సుందరలక్ష్మి పళ్ళు బిగబట్టి, ఈరన్నకున్నట్టే ఒక ఉచిత అడ్రసు తెరిపించి, ఇటలీకి క్షమాపణ రాయించింది. వచ్చే ఏడాది చూద్దామని మర్యాదగానే జవాబొచ్చింది.

"నేను పెట్టినప్పుడు బాగనే ఉండెనత్తా. ఎవరో గెలికినారు" అన్నాడు తేజేశ్వర్.

"ఎర్రగుంట్లకు పోయి రాళ్ళు లోడు చేయించుపో. రాళ్ళైతే నీ మాటకు చెడిపోవు."

వాడికి పౌరుషం వచ్చింది. మానేసి, కడపలోనే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. బోర్డు మీద "మెయిల్ సర్వర్ నిపుణులు" అని ఎర్రటి అక్షరాలు. ఆడబిడ్డ మొహం చూసి సుందరలక్ష్మి ప్రారంభానికి వెళ్ళింది. లోపల పిల్లల్ని చేర్పించడానికి తల్లిదండ్రులు తోసుకుంటున్నారు. గోడ మీద అవే ఫ్రేములు.

కొడుకును చేర్పించడానికి వచ్చి పక్కన కూర్చున్నావిడ ఆశగా అడిగింది. "మీ మేనల్లుడంట గదా, బాగా జెప్తాడామ్మా?"

"చెప్పడంలో వానికి సాటి లేరమ్మా" అంది సుందరలక్ష్మి. "చెప్పినట్టు చెయ్యొద్దని మాత్రం మీవానికి చెప్పు."

ఆమె పరాచికమాడిందనుకుని ఆవిడ పడీపడీ నవ్వి, ఫీజు కట్టడానికి లేచింది.