పలక తట్టి చూసిన పిల్ల

ఆ కాలాన మా మార్కాపురంలో పలకలకు కరువు లేదు, వాటి మీద రాసే ఆడపిల్లలకే కరువు. మా నాయన పలకల షెడ్డులో రాయి కోసేవాడు. నేను పక్కన కూచుని, చట్రం బిగించిన పలకలను బీటలున్నాయేమోనని తట్టి చూసి, డజన్లుగా పేర్చి పెట్టెల్లో సర్దేదాన్ని. రోజుకు కొన్ని వందల పలకలు నా చేతుల మీదుగా పోయేవి, ఒక్కదాని మీదా నేను గీత గీసింది లేదు. (గీసి ఉంటే మేస్త్రీ నా వీపు మీద గీసేవాడు.)

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా వీధి బడికి ఇనస్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. హాజరు పట్టీలో పేర్లున్నంత మంది పిల్లలు బడిలో లేరు. తలలు తక్కువైతే బడి మూసేస్తారు. అయ్యవారు పరుగున షెడ్డుకొచ్చి, "అన్నా, ఒక్క పూటకు నీ కూతుర్ని అరువియ్యి. రెండో తరగతి పిల్ల ఒకతి అత్తగారింటికి పోయింది, ఆ చోట్లో కూచుంటే చాలు" అన్నాడు. "దానికి అ ఆలు గూడా రావు గదా అయ్యవారూ!" అన్నాడు నాయన. "నోరు తెరవకుంటే ఎవరికి తెలుస్తాది?" నోరు మూసుకోవడం కూడా నాకు రాదని నాయనకు తెలుసు, పాపం అయ్యవారికి తెలియదు.

ఇనస్పెక్టరు మంచివాడే. మునసబు కొడుకు ఇరవయ్యో ఎక్కం దాకా గడగడా అప్పజెబితే తల ఊపాడు. తర్వాత వాణ్ణే అడిగాడు: "పెట్టెకు ఎనిమిది డజన్ల పలకలు. మూడు పెట్టెల్లో ఒక డజను పగిలితే మిగిలినవెన్ని?" వాడు "పన్నెండొకట్ల పన్నెండు, పన్నెండ్రెళ్ళ ఇరవై నాలుగు..." అని మళ్లీ మొదలుపెట్టాడు. నాకేమో కళ్ల ముందు పెట్టెలు కనబడుతున్నాయి. ఇంక ఆగలేకపోయాను. "రెండు వందల డెబ్బై ఆరు సామీ. పగిలినవాటి చట్రాలు పారేయగూడదు, మళ్ళీ పనికొస్తాయి."

"భేష్! ఏదీ, చేసి చూపించు" అని ఇనస్పెక్టరు పలక నా చేతికిచ్చాడు. అంతే, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, తిరిగి ఇచ్చేశాను. "ఇది బీటిచ్చింది సామీ. వేరేది తీసుకోండి."

బడంతా గొల్లున నవ్వింది. అయ్యవారి మొహం సున్నం కొట్టిన గోడయింది. ఇనస్పెక్టరు చాలాసేపు నవ్వి, "ఏ షెడ్డు నుంచి తెచ్చినావయ్యా ఈ పిల్లను?" అన్నాడు. అయ్యవారు ఉన్నది చెప్పేశాడు. "అయితే దీని సొంత పేరే రాసుకో. రేపట్నుంచి ఇది బడికి వస్తే నీ బడి ఉంటుంది" అని ఆయన వెళ్లిపోయాడు.

నాయన మాత్రం, "పేరు రాసుకోండి అయ్యవారూ, పిల్లనైతే పంపను. పెట్టెలెవరు సర్దుతారు?" అన్నాడు. అలా నేను షెడ్డులో కూచునే, పట్టీలో రోజూ బడికి హాజరై, నాలుగేళ్లలో ఐదో తరగతి పాసయ్యాను. ఒక్కసారీ దెబ్బ తినలేదు.

అక్షరాలు నిజంగా వచ్చేసరికి నాకు అరవై దాటాయి, మనవరాలు నేర్పింది. లెక్కలు మాత్రం దాని దగ్గర ఇప్పటికీ తప్పుతున్నాను. జవాబు నాకు ముందే తోస్తుంది, అది ఎట్లా వచ్చిందో కాగితం మీద చూపించమంటుంది మనవరాలు. "దారి చూపలేదు అవ్వా, సగం మార్కులే" అంటుంది. సరేలెమ్మంటాను. ఎప్పుడైనా ఊరికే కూచున్నప్పుడు, ఆ పాత హాజరు పట్టీ దొరికితే బాగుండుననిపిస్తుంది. నా పేరు అయ్యవారు ఎంత అందంగా రాశాడో ఇప్పుడైతే చదువుకోగలను. ఈపాటికి చెదలు నాకంటే ముందే చదివేసి ఉంటాయిలెండి.