పెద్దబాపుకు దినాలు చెయ్యని ఇల్లు

మా చిన్నతనంలో... పసుపు తవ్వే రోజులు వచ్చాయంటే ఆర్మూర్‌లో ఏ వాకిట్లో చూసినా ఉడికిన కొమ్ములే ఆరుతుండేవి. ఆ రోజు మా వాకిట్లోని కొమ్ములను తొక్కుకుంటూ పెద్దమ్మ వాళ్ల అన్న వచ్చాడు... చెల్లెలిని పుట్టింటికి, అంకాపూర్‌కు తీసుకుపోవడానికి.

మా బాపుకు అన్న, మా పెద్దబాపు, యుద్ధవిమానం నడిపేవాడు. పాకిస్తాన్‌తో యుద్ధంలో సరిహద్దు దాటిన ఆ విమానం తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. అప్పటికి ఆయనకూ పెద్దమ్మకూ పెళ్లయి ఏడాది కూడా కాలేదట. నేను పుట్టకముందు సంగతి.

కొడుకు బతికే ఉన్నాడని నాయనమ్మ పట్టు. దినాలు చెయ్యనివ్వలేదు. పెద్దమ్మను మెట్టెలు తియ్యనివ్వలేదు. ఆ గొడవతోనే ఒకే ఇంట్లో అత్తకో పొయ్యి, కోడలికో పొయ్యి... ఒకరి గిన్నె ఒకరు ముట్టేవాళ్లు కాదు.

"చెల్లెకు ఇంకో సంబంధం చూసినం అత్తమ్మా. పంపియ్యుండ్రి," అన్నాడాయన.

నాయనమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. "నా కొడుకు సచ్చిండని నీకెవలు చెప్పిర్రు? వాని ఒంట్ల బొక్కన్న తెచ్చి చూపియ్యి. గప్పుడు తీస్కపో."

పెద్దమ్మ గొంతు పెంచలేదు. "వస్తడని నేను గూడ ఎదురు చూసిన అత్తా. బయటికి పోతే మొగడు లేనిదంటరు. ఇంట్ల నువ్వు రోజు నా మెట్టెలు చూస్తవు. ఏ లెక్కల బతకాలె నేను?"

"నువ్వు పోతే వాణ్ని నువ్వే సంపినట్టు."

పెద్దమ్మ వంగి, మెట్టెలు తీసి, నాయనమ్మ ఒడిలో పడేసింది. "గట్లనే అనుకో." ఆమెను దాటుకుని వెళ్లిపోయింది...

నాయనమ్మ బతికినన్నాళ్లూ ఇంట్లో పెద్దమ్మ పేరు ఎత్తనివ్వలేదు. నాయనమ్మ చనిపోయిన రోజు పెద్దమ్మ వచ్చింది. మా బాపు వాకిట్లోనే ఆపేశాడు. "అమ్మ రానియ్యొద్దన్నది వదినా." పెద్దమ్మ అక్కడి నుంచే దండం పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా తిరిగిపోయింది.

ఇప్పుడు యుద్ధం మాట వస్తే చాలు, అందరి ఫోన్లలో జెండాలు, పాటలు... మొన్న మా వాళ్లలోనే ఒకడు పెద్దబాపు ఫొటోకు పాట కలిపి పెట్టాడు. వీరుడికి వందనం అంటూ ఊరూరి నుంచి దండాలు. అది పెళ్లి ఫొటో. పక్కన నిలబడ్డ పెద్దమ్మను కత్తిరించేశాడు.

మీ ఇళ్లలోనూ ఇలా మిగిలిపోయిన ఆడవాళ్లు ఉంటే రాయండి... వాళ్ల పేర్లతో సహా. ఇక్కడ దండాలు మాత్రం పెట్టకండి.