బాగున్న గుండెకి తీసిన ఈసీజీ

అరవైల చివర ఆసుపత్రికి కొత్తగా ఈసీజీ యంత్రం వచ్చింది. ఏ నొప్పీ లేని నాకు తీశారు. భూములు పోయినా మా ఇంటిపేరుకు ఆ మర్యాద మిగిలింది. పలాస బస్సులో ఆ కాగితం మురిపెంగా చూసుకుంటున్నాను. పక్క సీటులో చెమటలు కక్కుతున్న భర్తను పట్టుకుని అక్కుపల్లి బెస్తామె కూర్చుంది.

"అదేటి బాబూ?"

"నా గుండె బాగుందన్న కాగితం."

"బాగున్న గుండెకి తీసినారా? మా ఓడు నొప్పని పొర్లితే, గేసని సోడా తాగించి పంపేసినారు!"

బస్సు ఆపించి, ఇద్దరినీ వెనక్కి తీసుకెళ్ళాను.

"మళ్ళీ తీయమంటారా బాబుగారూ?" అన్నాడు కాంపౌండరు.

"అతనికి తియ్యి!" అని అరిచాను.

గీతలు చూసిన డాక్టరు, "ఇంత ఆలస్యంగానా తెచ్చేది?" అని ఆమెనే కసిరాడు.

ఆ పొద్దుట వాళ్ళు ఆసుపత్రి గుమ్మంలోనే ఉన్నారు. వాళ్ళను దాటుకునే నేను ఈసీజీకి లోపలికి వెళ్ళాను.